బెంగకు టైమ్‌టేబుల్లో చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ స్కూళ్లు అడ్మిషన్ల కోసం వేసే రంగుల పుస్తకాల్లో ఈత కొలను, గుర్రపు స్వారీల పక్కన ఇప్పుడు ఇంకో మాట తప్పకుండా ఉంటోంది. అదే లైఫ్ స్కిల్స్, అంటే జీవన నైపుణ్యాలు. కొన్నిచోట్ల దాన్నే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అంటున్నారు. కనకపుర రోడ్డు, సర్జాపూర్, ఆనేకల్, దేవనహళ్లి వైపు ఉన్న ఈ బడుల్లో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలో ఉండే తెలుగువాళ్ల పిల్లలు చేరుతుంటారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ట్రంకు పెట్టెతో వచ్చి దిగేవాళ్లూ ఉంటారు. ఆ మాట చూసి ఫీజు కట్టే తల్లిదండ్రులకు, దాన్ని అచ్చువేయించే యాజమాన్యాలకు కొన్ని సంగతులు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇలాంటి బడుల్లో ఈ లైఫ్ స్కిల్స్ నేర్పించడమే మా పని.

చాలా బడుల్లో ఈ కార్యక్రమం ఏడాదికి రెండు రోజులు. ఆడిటోరియంలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మూడు, నాలుగు వందల మందిని కూర్చోబెడతారు. వేదిక మీద మైకు పట్టుకున్న వక్త. కళ్లు మూసుకుని అమ్మానాన్నల్ని తలచుకోమంటాడు, మెల్లగా సంగీతం పెడతాడు, పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తారు. ఫొటోలు తీసి స్కూలు పేజీలో పెడతారు. ఇల్లు వదిలి వచ్చిన పిల్లల్ని ఏడిపించడానికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు. ఆ రాత్రి డార్మిటరీలో వాళ్లను ఓదార్చాల్సింది వార్డెన్. వక్త అప్పటికి ఎయిర్‌పోర్టు దారిలో ఉంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే పది జీవన నైపుణ్యాలను లెక్కగట్టి చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పుకోవడం, కొత్తగా ఆలోచించడం, తర్కించి చూడడం, చెప్పదలచుకున్నది చెప్పగలగడం, నలుగురితో మెలగడం, తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివాడి బాధ గ్రహించడం, ఉద్వేగాలనూ ఒత్తిడినీ తట్టుకోవడం. వీటిని బడి టీచర్ల చేతే, ఆటలు, చర్చల రూపంలో నేర్పించే పద్ధతిని హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు ఏనాడో తయారుచేసి పెట్టారు. అందుకని పద్ధతి కరువేమీ లేదు. రోజులో ఏ వేళ, ఎవరి చేత, ఎంతమందికి అన్న దగ్గరే తప్పుతోంది.

మామూలు బడికి పిల్లవాడు దొరికేది ఏడు గంటలే. బోర్డింగ్ బడికి రోజంతా దొరుకుతాడు. సాయంత్రం మూడున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉన్న ఆరు గంటల్లోనే అతనికి నిజమైన చిక్కులన్నీ ఎదురవుతాయి. తడి తువ్వాలు, పోయిన సాక్సు, అప్పిచ్చి తిరిగి రాని యాభై రూపాయలు, పలకరించడం మానేసిన పక్క మంచం స్నేహితుడు. లైఫ్ స్కిల్స్ పీరియడ్‌ను మాత్రం పొద్దున పదకొండింటికి, సోషల్‌కీ సైన్స్‌కీ మధ్య ఇరికిస్తారు. జనవరి రాగానే దాన్ని లెక్కల సారు తీసుకుంటారు. హాస్టల్ వేళల్లో పెట్టి చూడండి, ఎవరూ తీసుకోలేరు.

మొదటి సంగతి బెంగ. ఇంగ్లిషులో దీనికి పెద్ద మాట ఉంది గానీ మన మాటలో ఉన్నంత బరువు దానికి లేదు. కొత్తగా చేరిన పిల్లవాడికి బెంగ రోజంతా ఒకేలా ఉండదు. క్లాసులో, ఆటలో తెలియదు. ఆట అయిపోయి, స్నానం చేసి, స్టడీ అవర్ గంట కొట్టేలోపు ఉండే ముప్పావు గంటలోనూ, లైట్లు ఆర్పాక మొదటి అరగంటలోనూ పట్టుకుంటుంది. ఆదివారం ఫోన్ పెట్టేశాక ఇంకోసారి. దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన రాత్రి మొదటికొస్తుంది. కాబట్టి మొదటి మూడు వారాలు ఆ ముప్పావు గంటను ఖాళీగా వదలకూడదు. మొక్కలకు నీళ్లు పోయడం, క్యారమ్స్, లైబ్రరీ పుస్తకాలు సర్దడం, ఏదో ఒకటి చేతికి పని ఉండాలి. ఇద్దరిద్దరుగా జత కట్టి పెడితే ఇంకా మేలు. రాత్రి లైట్లు ఆర్పాక వార్డెన్ ఒక్కసారి మంచాల మధ్య నడిచి వస్తే చాలు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే తప్పు ఒకటుంది. గేటు దగ్గర కళ్లు తుడుచుకుంటూ, ‘నచ్చకపోతే ఒక్క ఫోన్ కొట్టు నాన్నా, వచ్చి తీసుకెళ్లిపోతాం’ అంటారు. ప్రేమతో అన్నదే. పిల్లవాడి చెవికి మాత్రం అది వేరేలా వినిపిస్తుంది: ఇక్కడ ఉండగలనని మా నాన్నకే నమ్మకం లేదు. ఇక ప్రతి సాయంత్రం ఉండాలా, పోవాలా అన్న లెక్కే. దానికి బదులు, ‘రెండో శనివారం వస్తాం, ఈలోగా దిగులేస్తే ఫలానా మేడమ్‌తో చెప్పు’ అని తేదీ, మనిషి పేరు ఇచ్చి వెళ్లండి. చేర్చే ముందు వేసవిలో అమ్మమ్మగారింట్లోనో, పిన్ని ఇంట్లోనో మీరు లేకుండా మూడు నాలుగు రాత్రులు ఉంచి చూడండి. రెండు వారాలు దాటినా సరిగ్గా తినకపోతే, నిద్రపోకపోతే, ఆటకు రాకపోతే అప్పుడది అలవాటు పడే బెంగ కాదు. కౌన్సెలర్ చూడాలి.

బెంగ చాలాసార్లు కడుపునొప్పి వేషంలో సిక్ రూమ్‌కు వస్తుంది. నర్సమ్మ కన్నడంలో అడుగుతుంది, పిల్లవాడు ఇంగ్లిషులో వెతుక్కుంటాడు, చివరికి ‘స్టమక్ పెయిన్’ అంటాడు. తెలుగులో అయితే వాడి దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి: దిగులు, గుబులు, ఉక్రోషం, అలక, చిన్నబోవడం, బిక్కుబిక్కుమనడం. అలిగినవాడికి చెప్పే మాట వేరు, ఉక్రోషంతో ఉన్నవాడికి చెప్పే మాట వేరు. బొమ్మల మొహాలు నాలుగు అంటించి ‘హ్యాపీ, శాడ్, యాంగ్రీ’ అని నేర్పే చార్టులో ఈ తేడా ఉండదు. మాతృభాషలో మాట్లాడితే పది రూపాయలు జరిమానా వేసే బడులు ఆ నియమాన్ని క్లాసు వరకే ఉంచుకోవాలి. సిక్ రూమ్‌లో, కౌన్సెలర్ గదిలో, స్టడీ అవర్ తర్వాత దాన్ని ఎత్తేయాలి. తెలుగు తెలిసిన ఆయానో, వంట మాస్టరో ఉంటే ఆ మనిషి పేరు పిల్లలకు చెప్పి ఉంచాలి. వంటగదిలోంచి ‘ఊట ఆయ్తా’ (భోజనం అయిందా) అని కన్నడంలో పలకరించే అక్క చాలామంది పిల్లలకు మొదటి కౌన్సెలర్. ఆమెకు అరపూట శిక్షణ ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచదు. పనిలో పనిగా, పచ్చడి సీసాల మీద నిషేధం కూడా కొంచెం సడలిస్తే బాగుంటుంది. తీపి సాంబారులో ఆవకాయ పంచుకున్న బల్ల దగ్గర పుట్టినన్ని స్నేహాలు పరిచయాల కోసం ఆడించే ఏ ఐస్‌బ్రేకర్ ఆటలోనూ పుట్టవు. సీసా లాకర్లో కాకుండా భోజనశాల అరలో పెట్టిస్తే చీమల బెడద కూడా ఉండదు.

రెండోది బట్టలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పదకొండేళ్ల పిల్లవాడికి ఇదే పెద్ద పరీక్ష. చాలామంది ఇంట్లో వాషింగ్ మెషీన్ మీట నొక్కడం చూసినవాళ్లే. బకెట్ ఇస్తే ఏం చేస్తారంటే, పదిహేను లీటర్ల బకెట్ నిండా నీళ్లు పట్టి, గుప్పెడు పొడి పోసి, తెల్ల చొక్కా, నీలం సాక్సులు కలిపి ముంచి, రాత్రంతా వదిలేస్తారు. పొద్దునకు చొక్కా నీలంగా మారుతుంది, ముక్కిన వాసన వేస్తుంది. ఒక్కసారి జాడించి ఆరేస్తారు. సబ్బు సగం గుడ్డలోనే ఉండిపోయి, ఆరాక అట్టలా బిగిసి, మెడ దగ్గర దురద పుడుతుంది. నేర్పాల్సింది ఇలా: సగం బకెట్ నీళ్లు, ఒక పెద్ద చెంచా పొడి, ముందు పొడి కరిగాక బట్టలు, తెల్లవి వేరు, రంగువి వేరు. అరగంటకు మించి నానబెట్టొద్దు. కాలరు, చేతుల అంచులు, చంకలు, సాక్సు మునివేళ్లు, ఈ నాలుగుచోట్లే బ్రషు. నీళ్లు తేటగా వచ్చేదాకా, కనీసం రెండుసార్లు జాడించాలి. పిండి, దులిపి, తిరగేసి దండెం మీద వేయాలి. వార్డెన్ మొదటి ఆదివారం చేసి చూపిస్తారు, రెండో ఆదివారం పక్కన కూర్చుని కలిసి చేస్తారు, మూడో ఆదివారం చేతులు కట్టుకుని చూస్తారు. ఆ మూడోదే కష్టం. పిల్లవాడు తడబడుతుంటే పెద్దవాళ్ల చేతులు ఊరుకోవు.

బెంగళూరు వానాకాలంలో బట్టలు ఒక రోజులో ఆరవు. ఒక్కో పిల్లవాడికి మీటరు దండెం, ఎనిమిది క్లిప్పులు, పైన రేకు ఉండాలి. అవి లేకపోతే సగం ఆరిన లోదుస్తులే వేసుకుంటారు, తడి తువ్వాలు మడిచి లాకర్లో కుక్కుతారు. అక్కడి నుంచి తామర మొదలు. తువ్వాళ్లు మార్చుకుంటే గదంతా పాకుతుంది.

హాస్టళ్లలో దీనికంటే మొండిది గజ్జి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద వస్తే అనుమానించాలి. ఒక్కడికే మందు రాసి వదిలేస్తారు, అందుకే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. తొలిసారి సోకినవాళ్లలో దురద బయటపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అంటే ఒకడు గోక్కుంటున్నాడంటే పక్క మంచాలకు అప్పటికే పాకి ఉండొచ్చు. డాక్టరు చెప్పే పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును గదిలో అందరూ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద వదలకుండా రాసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచుకుని పొద్దున కడుక్కోవాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఆ పొద్దునే దుప్పట్లు, మూడు రోజులుగా వాడిన బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. మందు పనిచేశాక కూడా రెండు, మూడు వారాలు దురద ఉండొచ్చని పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే రోజూ రాసుకుంటారు. ఇందులో లైఫ్ స్కిల్ ఏముందంటారా? ఎక్కడ దురదగా ఉందో చెప్పడానికి సిగ్గుపడి నెలరోజులు దాచే పిల్లవాడు ఉన్నాడే, వాడికి ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ సర్టిఫికెట్ ఇచ్చి ప్రయోజనం ఏమిటి? ఒంటి గురించి సిగ్గుపడకుండా చెప్పే వాక్యాలు రెండు, చెప్పాల్సిన మనిషి ఒకరు, చెప్పాక గదిలో ఎగతాళి కాకుండా చూసే పద్ధతి ఒకటి. ఈ మూడూ ఉన్న హాస్టల్లో దురద మొదలైన వారంలోనే గజ్జి సంగతి బయటపడుతుంది.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాం. నెలకు ఐదొందలు ఒకేసారి ఇస్తే ఆరో తరగతి పిల్లవాడు మొదటి వారమే ఖర్చు చేసి మిగతా మూడు వారాలు అప్పులు చేస్తాడు. ఆరు, ఏడు తరగతులకు వారానికోసారి, ఎనిమిదికి పదిహేను రోజులకోసారి, ఆ పైన నెలకోసారి ఇవ్వడం మంచిది. తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది అని నాలుగు గీతల పుస్తకం ఉంటే చాలు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా సొంతంగా నడుపుకోవడానికి బ్యాంకులు వీలు కల్పించవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టం చేసింది. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక అవుటింగ్ రోజు బ్యాంకుకు తీసుకెళ్లి, ఫారం వాళ్ల చేతే నింపించండి.

ఇక అసలు క్లాసు. ఒక్కో బృందంలో ఇరవై మందికి మించకూడదు. ఒకే తరగతివాళ్లు ఉండాలి. సీనియర్లతో కలిపితే చిన్నవాళ్లు నోరు విప్పరు. నేల మీద గుండ్రంగా కూర్చోవాలి. నలభై నిమిషాల్లో ఉపన్యాసం ఐదు నిమిషాలు దాటకూడదు. ఉదాహరణకు, చొక్కా అడిగి తీసుకెళ్లి తిరిగివ్వని సీనియర్ అన్నయ్యతో ఏమనాలి? ముందు పది నిమిషాలు ఇద్దరు పిల్లలు నటిస్తారు. తర్వాత పదిహేను నిమిషాలు జతలుగా అందరూ చేస్తారు, ప్రతివాడూ రెండేసిసార్లు పైకి అనాలి. ‘లేదన్నా, రేపు అది నాకే కావాలి.’ ఒకే వాక్యం, ఒకే కారణం. మళ్లీ అడిగితే అదే వాక్యం. అప్పటికీ ఆగకపోతే అక్కడి నుంచి కదిలిపోవడం, ఎవరికి చెప్పాలో తెలిసి ఉండడం. కారణాలు ఎక్కువ చెప్పినకొద్దీ ఎదుటివాడు ఒక్కోదాన్నీ కొట్టిపారేస్తాడు. ఇది పిల్లలే చేసి చూసి తెలుసుకుంటారు. మిగిలిన పది నిమిషాల్లో ఏది కష్టంగా ఉందో మాట్లాడుకుంటారు. వారంలో ఒకసారి నిజంగా వాడి చూడమని చెప్పి, వచ్చేవారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఏడాదికి పాతిక క్లాసులు జరిగితే మార్పు కనిపిస్తుంది. ఒక హెచ్చరిక కూడా. పదో తరగతి అబ్బాయిని ఎదిరించే భారాన్ని ఆరో తరగతి పిల్లవాడి మీద వేసి, రాత్రి కారిడార్‌లో పెద్దవాళ్లెవరూ లేకుండా వదిలేస్తే అది శిక్షణ అనిపించుకోదు.

ఫిర్యాదుల పెట్టె వార్డెన్ గది గుమ్మం పక్కన, సీసీ కెమెరా కింద పెట్టి, ‘మా హాస్టల్లో ఒక్క ఫిర్యాదూ రాదండీ’ అని గర్వంగా చెప్పే బడులున్నాయి. పెట్టె లైబ్రరీలో ఉండాలి. వారానికోసారి, చెప్పిన రోజున, ఇద్దరు కలిసి తెరవాలి. వాళ్లలో ఒకరు హాస్టల్‌తో సంబంధం లేనివాళ్లై ఉండాలి. వచ్చిన చీటీల మీద ఏం చేశారో పేర్లు లేకుండా నోటీసు బోర్డులో రాయాలి. అది రాయకపోతే రెండో నెల నుంచి చీటీలు రావు. కౌన్సెలర్ కూడా ‘నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. ప్రాణానికి ముప్పున్నా దాచకూడదు. ఏవి దాచలేనో మొదటి రోజే చెప్పిన కౌన్సెలర్‌ను పిల్లలు ఎక్కువ నమ్ముతారు.

కౌన్సెలర్ పని వేళలు కూడా చూడాలి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, 100 మంది, ఆ పైన విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని, మార్కుల ప్రకారం బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరిముందు అవమానించడం మానాలని చెప్పింది. నియామకాలు కాగితం మీద జరుగుతున్నాయి. అయితే ఆ కౌన్సెలర్ పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉండి బస్సెక్కి వెళ్లిపోతే, హాస్టల్ పిల్లవాడు క్లాసు ఎగ్గొట్టి అందరి కళ్ల ముందూ ఆ గదికి నడిచి వెళ్లాలి. ఎవడు వెళ్తాడు? వారంలో మూడు రోజులైనా మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ వేయాలి. ఖాళీ ఉంది కదా అని అడ్మిషన్ల పని కౌన్సెలర్‌కు అప్పగించకూడదు.

ఒత్తిడి తగ్గించుకోవడం మీద రాత్రి తొమ్మిదిన్నరకు క్లాసు పెట్టేవాళ్లకు ఏం చెప్పాలో మాకు తెలియడం లేదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని, ఆరు నుంచి పన్నెండేళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. ఐదింటికి గంట కొట్టి, పదిన్నరకు లైట్లు ఆర్పే హాస్టల్లో ఆరున్నర గంటలే దక్కుతాయి. ముందు ఆ లెక్క సరిచేసి, తర్వాత ప్రాణాయామం నేర్పండి.

ఈ కార్యక్రమాలు పనిచేశాయో లేదో తెలుసుకోవడానికి పిల్లల చేత ఐదు స్టార్ల ఫారాలు నింపిస్తుంటారు. పిల్లలు బిస్కెట్లిచ్చినా ఐదు స్టార్లు పెడతారు. సిక్ రూమ్ రిజిస్టర్ తీయండి. సాయంత్రం ఐదు తర్వాత, ఆదివారం రాత్రి, పరీక్ష పొద్దున వచ్చిన కడుపునొప్పులు, తలనొప్పులు నెలనెలా ఎన్ని? పోయిన వస్తువుల పుస్తకంలో ఎన్ని పేర్లు? తనంతట తాను కౌన్సెలర్ దగ్గరికి నడిచి వచ్చినవాళ్లు ఎందరు, పంపిస్తే వచ్చినవాళ్లు ఎందరు? జూన్ అంకెలు, నవంబరు అంకెలు పక్కపక్కన పెడితే జవాబు అక్కడే ఉంటుంది.

తల్లిదండ్రులు బడి చూడ్డానికి పొద్దున పదకొండింటికి వెళ్తారు. అప్పుడు అన్నీ తళతళలాడుతూ ఉంటాయి. సాయంత్రం ఐదింటికి వెళ్లండి. దండేలు చూడండి, బాత్రూమ్ గొళ్లేలు చూడండి, యాభై మందికి రాత్రిపూట ఎందరు పెద్దవాళ్లు పడుకుంటారో అడగండి. గోడ మీద టెలిమానస్ 14416 (మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ నంబరు), చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 అని పెద్ద అక్షరాలతో పోస్టరు ఉంటుంది. 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు, అదీ ఇరవై నాలుగు గంటలూ. ఆ పోస్టరు పక్కనే నిలబడి, ‘ఇక్కడ మొబైళ్లు నిషేధం కదండీ, మరి పిల్లవాడు ఈ నంబరుకు ఏ ఫోన్ నుంచి చేస్తాడు?’ అని అడగండి. వార్డెన్ బల్ల మీది ఫోన్ చూపిస్తే ఒప్పుకోవద్దు. మెట్ల కింద, తలుపు ఉన్న చిన్న గదిలో, ఈ రెండు నంబర్లకు, ఇంటికి మాత్రమే వెళ్లేలా పెట్టిన వైరు ఫోన్ ఒకటి ఉండాలి. ఎవరు చేశారో రాసుకునే పుస్తకం దాని పక్కన ఉండకూడదు.

ఇట్లు,
రెసిడెన్షియల్ స్కూళ్లలో జీవన నైపుణ్యాల శిక్షకులం,
మారతహళ్లి, బెంగళూరు